తొమ్మిదో అంతస్తులో తాళం వేసిన ఇల్లు

నేను రిటైరైన ఆఫీసులో కొత్తగా చేరిన ఒక తెలుగు అమ్మాయి ఈ మధ్య మయూర్ విహార్‌లో మా ఇంటికి వచ్చింది. సివిల్స్ కోసం కొన్నేళ్ళు ఢిల్లీ హాస్టళ్ళలో ఉండి చదివి, అది రాక, ఈ ఉద్యోగానికి వచ్చిన పిల్ల. "ఆంటీ, ఫీల్డులోకి వెళ్ళేముందు ఏమేం చదవాలి?" అని అడిగింది. నియమాల పుస్తకం ఆఫీసువాళ్ళే ఇస్తారు, చదవక తప్పదు. అందులో లేనిదేమిటో చెప్పబోయాను గానీ, టీ చల్లారేలోపు చెప్పగలిగే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను.

నా ఉద్యోగం పేరు చాలా పొడుగు. పని మాత్రం ఇదీ: ప్రభుత్వం పేదవాళ్ళకిచ్చిన ఫ్లాట్లలో నియమాలు సరిగా నడుస్తున్నాయా లేదా అని చూడటం. కట్టిన కంపెనీ చెప్పినట్టు కట్టిందా, నీళ్ళూ లిఫ్టులూ చెప్పినట్టు నడుపుతోందా అన్నది ఒక సగం. ఇల్లు ఎవరి పేరున వచ్చిందో వాళ్ళే ఉంటున్నారా, అమ్ముకున్నారా, అద్దెకిచ్చారా అన్నది రెండో సగం. ఈ రెండు సగాలూ సమానమనుకునే నేనూ చేరాను.

తలుపు తట్టే మనిషి

మొదట తెలుసుకోవలసింది, మనల్ని చూసి సంతోషించే మనిషి ఎవరూ ఉండరని. ఇంట్లోవాళ్ళ దృష్టిలో మనం ఇల్లు లాక్కోవడానికి వచ్చినవాళ్ళం. కంపెనీవాళ్ళకు, ఏదో ఒక లోపం చూపించి చెయ్యి చాపేవాళ్ళం. పక్క టవర్లలో ఫ్లాట్లు కొనుక్కున్న ఉద్యోగస్తులకు, ఈ పేదవాళ్ళను అదుపులో పెట్టవలసిన కాపలావాళ్ళం. మన పై అధికారికి, బయట ఎవరితో కలిసిపోయామో తెలియని మనుషులం. నియమం ఒకటే. దాన్ని చూసే ప్రతివాళ్ళూ అనుమానంతోనే చూస్తారు. కొన్నాళ్ళకు మనమూ వాళ్ళందరినీ అలాగే చూడటం మొదలుపెడతాం.

ఆ చూపు ఎలా ఉంటుందో నాకు ఉద్యోగానికి ముందే తెలుసు. పెళ్ళయిన కొత్తలో మావారికి సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టరు ఇచ్చారు. మేం దాన్ని అద్దెకిచ్చామని ఎవరో చెప్పారట, ఒకరోజు ఉదయం తనిఖీ మనిషి వచ్చాడు. తిన్నగా బాత్‌రూములోకి వెళ్ళి పళ్ళుతోముకునే బ్రష్షులు చూశాడు. ఒకటి ఎక్కువ ఉంది. కాకినాడ నుంచి వచ్చిన మా తమ్ముడిది. నిద్రపోతున్న వాణ్ణి లేపి నిలబెట్టి, ఇదిగో వీడిదే అని చూపించాను. ఆయన నవ్వి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. తర్వాత అదే పనిలో చేరి ఎన్ని ఇళ్ళకు వెళ్ళానో గానీ, ఎవరి బాత్‌రూములోకీ తొంగి చూడలేదు. అంతమాత్రాన నన్నెవరూ నమ్మలేదు.

ఇంకొక సంగతి. పేదవాళ్ళ ఇంటి తలుపు మేం చెప్పకుండా వెళ్ళి తట్టేవాళ్ళం. చెప్పి వెళితే దొంగ కాపురాలు సర్దేస్తారని. కంపెనీ దగ్గరికి మాత్రం ముందుగా నోటీసు ఇచ్చి వెళ్ళేవాళ్ళం. అది మర్యాద అట. ఈ తేడా వల్ల ఏం జరుగుతుందో నాకు ఒక్క ఇల్లు నేర్పింది.

గడప మీద పసుపు

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు సంగతి. ఢిల్లీ అంచున, పొలాలు పోయి టవర్లు లేచిన చోట, ఒక పెద్ద కంపెనీ ఖరీదైన ఫ్లాట్ల సముదాయం కట్టింది. నియమం ప్రకారం అందులోనే ఒక మూల పేదవాళ్ళకు ఒక బ్లాకు కట్టి ఇచ్చింది. పాత గుడిసెల బస్తీ ఖాళీ చేసినవాళ్ళకు అందులో ఇళ్ళు వచ్చాయి. ఆ బ్లాకులో తొమ్మిదో అంతస్తులో ఒక ఇంటికి ఎప్పుడూ తాళమే ఉంటోందని, ఇల్లు అమ్మేసుకున్నారని ఎదురింటి దినేశ్ అనే అతను ఫిర్యాదు పెట్టాడు. అతను ఆటో నడుపుతాడు. వెళ్ళిన ప్రతిసారీ తాళం కనిపిస్తే ఆ ఇంటి కేటాయింపు రద్దు చెయ్యాలని మా నియమం.

నేను వెళ్ళినప్పుడల్లా తాళమే. లిఫ్టు దగ్గర గార్డు, "ఆజ్ బంద్ హై మేడమ్ జీ, సర్వీస్ చల్ రహీ హై," అనేవాడు, సర్వీసు జరుగుతోంది కనక ఈ రోజు లిఫ్టు ఆగిందని. మెట్లెక్కి, ఆయాసపడి, తాళం చూసి దిగేదాన్ని. నా అనుమానమంతా తాళం మీదే. లిఫ్టు మాట చెవికెక్కలేదు.

రద్దుకు రాసే ముందు చివరిసారి వెళ్ళినప్పుడు గడప మీద పసుపు చూశాను. పచ్చగా, తాజాగా ఉంది. పక్కన చిన్న కుంకుమ బొట్లు. ఆ అంతస్తులో ఉన్నవాళ్ళంతా బీహారు, యూపీ వాళ్ళు. వాళ్ళెవరూ గడపకు అలా పసుపు రాయరు. అమ్ముకున్న ఇంటి గడపకైతే ఏ దేశంవాళ్ళూ రాయరు. కిందికి వచ్చి గార్డును అడిగితే, శుక్రవారం పొద్దున్నే ఒకామె వచ్చి, ఊడ్చి, తుడిచి వెళ్ళిపోతుందని చెప్పాడు.

తర్వాతి శుక్రవారం నేను ముందే వెళ్ళి ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో నీళ్ళ సీసా, కొంగులో తాళంచెవి. నా మెడలో ఐడీ కార్డు చూడగానే కొంగు బిగించి పట్టుకుంది. ఈ ఇల్లు మీదేనా అని హిందీలో అడిగాను. కాదంది. తను పనిమనిషినట, యజమానులు ఎక్కడో ఉంటారట. నా ఫైలులో ఉన్న భార్యాభర్తల ఫొటోలో ఆమే ఉంది. అంజమ్మ.

ఒక్కసారి ఆలోచించండి. తన ఇల్లు తనదేనని చెబితే నిలుస్తుంది. కాదంటే పోతుంది. అయినా ఆఫీసు మనిషికి నిజం చెప్పడం కన్నా అబద్ధమే క్షేమమని ఆమెకు తోచింది. అలా తోచేటట్టు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

నేను తెలుగులోకి మారాను. పసుపు రాసింది మీరే కదా, నాదీ తెలుగే, మాది కాకినాడ అన్నాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"అయితే ఏంది?" అంది.

తలుపు తియ్యకుండానే వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టింది. నేనూ వెనకే దిగాను. కింద గోడ నీడలో ఒక తోపుడు బండి ఉంది. దాని మీద బొంత పరిచి, ఒకాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నడుము కింద నుంచి కాళ్ళు కర్రల్లా పడున్నాయి. ఆయన తల పైకెత్తి తొమ్మిదో అంతస్తు బాల్కనీ వైపే చూస్తున్నాడు.

"పైన గాలొస్తుందా ఇయ్యాల?" అని అడిగాడు ఆమెను.

"వస్తుంది. నువ్వు గమ్మునుండు. ఆఫీసామె ఉంది," అంది అంజమ్మ.

ఆయన చూడని ఇల్లు

ఆయన నర్సింహులు. ఇద్దరిదీ పాలమూరు వైపు. వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ వెంట ఢిల్లీ వచ్చి, ఇక్కడి మేడలు కట్టే పనిలోనే బతికారు. ఒక సైటులో పరంజా విరిగి ఆయన పడిపోయాడు. అప్పటి నుంచి కాళ్ళు పనిచెయ్యవు. ఇల్లు వచ్చిందని కబురు వచ్చిన రోజున అంజమ్మ ఆయన్ని బండి మీద తీసుకొచ్చిందట. లిఫ్టు ఆగిపోయి ఉంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అంతే. ఆ బ్లాకులో లిఫ్టు నడిచేది మా ఆఫీసు నుంచి లిఫ్టు చూడటానికి నోటీసు ఇచ్చి వచ్చే రోజున మాత్రమే. చివరికి ఫ్లైఓవర్ కింద ఒక రేకుల గదిలో ఉండిపోయారు. శుక్రవారం ఆమె వచ్చి ఇల్లు తుడుస్తుంది. ఆయన కింద కూర్చుని చూస్తాడు. తన పేరున ఉన్న ఇంటి లోపలికి ఆయన ఒక్కసారీ వెళ్ళలేదు.

ఇదంతా ఆ రోజే చెప్పారనుకోకండి. ఆ రోజు వాళ్ళు నాకేమీ చెప్పలేదు. నేను మళ్ళీ మళ్ళీ వెళితే, ముక్క ముక్కగా, ప్రతి ముక్కకూ నా ముఖం చూసి బేరీజు వేసుకుంటూ చెప్పారు.

లిఫ్టు ఎందుకు ఆగిందని కంపెనీ మేనేజరు త్యాగిని అడిగాను. అతను సోఫా చూపించి, చాయ్ తెప్పించి, అసలు లిఫ్టుకేమీ జబ్బు లేదన్నాడు. దానికి కరెంటు పెద్ద టవర్ల లైను నుంచి వస్తుంది. అక్కడివాళ్ళు ఒప్పుకోవడం లేదు. తనకు జీతమిచ్చేది వాళ్ళా, ఈ బ్లాకువాళ్ళా? "మేడమ్, ఆప్ భీ సమఝ్తీ హైఁ," అని, నేను అర్థం చేసుకుంటానన్నట్టు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో, నేనెందుకు వచ్చానో తనకు తెలుసునన్న ధీమా ఉంది. లోపాలు వెతికేవాళ్ళంతా చివరికి దేనికి వెతుకుతారో అతను చాలామంది దగ్గర చూసి ఉంటాడు. నేను చాయ్ ముట్టుకోకుండా లేస్తే, రేటు పెంచుతోందనుకున్నాడని తర్వాత తెలిసింది.

టవర్ల సంఘం అధ్యక్షుడు పెద్దమనిషి. మృదువుగా మాట్లాడతాడు. పేదలంటే తమకేమీ కోపం లేదని, అక్కడ ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో ప్రభుత్వం గట్టిగా చూడాలని, తాళాలున్న ఇళ్ళు వెంటనే రద్దు చెయ్యాలని అన్నాడు. లిఫ్టు సంగతి ఎత్తాను. అది వేరే విషయమన్నాడు. ఆయనకు నియమమంటే గేటు. అవతలివాళ్ళను ఆపేది.

మా సాబ్

మా పై అధికారి మల్హోత్రా సాబ్. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే రాస్తున్నాను. ఒకప్పుడు ఎవరి కష్టమో విని నమ్మి, సంతకం పెట్టి, ఆ ఇల్లు నిజంగానే దళారీ చేతిలో ఉందని తేలి, విచారణలో ఏళ్ళ తరబడి నలిగిన మనిషి. అప్పటి నుంచి ఆయన కన్నీళ్ళు చూస్తే కలం మూసేస్తాడు.

నేను చెప్పిందంతా విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"ఆప్ కీ తరఫ్ కే హైఁ క్యా?"

మీ వైపువాళ్ళా అని. అవునన్నాను. పాలమూరుకీ కాకినాడకీ మధ్య ఎంత దూరముందో, ఆమె నన్ను ఎలా చూస్తుందో ఆయనకు చెప్పి లాభం లేదు. ఆయన కళ్ళకు మేమంతా మద్రాసీలం. ఒక మద్రాసీ ఇంకొక మద్రాసీని కాపాడుతోంది. ఆయన నా రిపోర్టు పక్కన పెట్టి, వేరే ఉద్యోగిని పంపాడు. అతను వెళ్ళి తాళం చూసి, తాళం ఉందని రాశాడు. అది నిజమే.

నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి మావారి మీద అరిచాను కూడా. కాని ఆలోచిస్తే, సాబ్ స్థానంలో నేనున్నా అదే ప్రశ్న అడిగేదాన్ని. ఈ ఉద్యోగం మనుషులను అలా తయారు చేస్తుంది. రద్దుకు ముందు ఒక విచారణ జరపాలి కనక, దాన్ని ఆఫీసులో కాకుండా ఆ బ్లాకులోనే పెట్టమని మాత్రం అడిగాను. కంపెనీకి నోటీసు వద్దన్నాను. ఆయన ఠీక్ హై అన్నాడు. నాకేదో స్వార్థముందని, అదేమిటో అక్కడ బయటపడుతుందని ఆయన ఆశ.

గోడల రంగు

విచారణ కింద వరండాలో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మమ్మల్ని చూసి త్యాగి పరుగున వచ్చాడు. దినేశ్ కూడా ఒక పక్కన నిలబడ్డాడు. అంజమ్మ బండి తోసుకుంటూ వచ్చింది. నర్సింహులు ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

మల్హోత్రా సాబ్ ఆయన్ని ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. ఇల్లు నీదేనా అన్నాడు. నాదే సాబ్ అన్నాడు ఆయన.

"అందర్ దీవార్ కా రంగ్ క్యా హై?"

లోపల గోడల రంగేమిటని. నర్సింహులు బండి అంచు పట్టుకుని ముందుకు వంగాడు. భార్య వైపు చూశాడు. సాబ్ చెయ్యెత్తి ఆమెను మాట్లాడవద్దన్నాడు. ఆయన పైకి, ఆ బాల్కనీ వైపు చూశాడు, అక్కడి నుంచి ఏమైనా కనిపిస్తుందేమోనని. ఏమీ కనిపించదు. తెలియదు సాబ్ అన్నాడు.

సాబ్ నా వైపు తిరిగాడు. చూశారా అన్నట్టు. తన ఇంటి గోడల రంగు తెలియని యజమాని. ఆయన లెక్క తేలిపోయింది.

అప్పుడు అంజమ్మ ఆయన ఆపినా ఆగలేదు. గొంతు పెంచలేదు కూడా. తన పాలమూరు హిందీలో, మెల్లగా అంది: "సాబ్, వో దేఖాచ్ నై. లిఫ్ట్ చాలూ కరో. ఊపర్ జాకే దేఖ్ కే బోల్తా."

ఆయన చూడనే లేదు, లిఫ్టు నడిపించండి, పైకి వెళ్ళి చూసి చెబుతాడని. సాబ్ లేచి లిఫ్టు దగ్గరికి నడిచాడు. బటన్ నొక్కాడు. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కి, తలుపుకు చెయ్యి ఆనించి, లోపల ఏమైనా కదులుతోందేమో విన్నాడు.

త్యాగి ఆయన పక్కకు చేరి, ఈ రోజే సర్వీసు పెట్టామని చెప్పాడు.

"ఆజ్ హీ?" అన్నాడు సాబ్. ఈ రోజేనా అని.

ఆ మాట అన్న తీరు నాకు బాగా తెలుసు. ఎన్నోసార్లు నా మీద ప్రయోగించిన గొంతే అది. మొదటిసారి అది ఇంకొకరి వైపు తిరిగింది. ఆయన గార్డును పిలిచి, నిన్న నడిచిందా, మొన్న నడిచిందా అని అడిగాడు. గార్డు నేల చూపులు చూశాడు. వాడి మౌనాన్ని సాబ్ తన చేత్తో రాసుకున్నాడు.

జాలితో ఆయన మారలేదు. ఆ మాట మీరు గుర్తుంచుకోవాలి. ఆయన అనుమానించడం మానలేదు, ఎవరిని అనుమానించాలో మార్చుకున్నాడు, అంతే. మన పనిలో చాలాసార్లు దక్కే న్యాయం అంతమాత్రమే.

సంతకం

రద్దు ఆగింది. లిఫ్టు నిత్యం నడపాలని కంపెనీకి ఆర్డరు వెళ్ళింది. అంతకన్నా మంచి ఉపాయం ఒకటి నేనే రాసి ఒప్పించాను. అదే బ్లాకులో కింది అంతస్తులో ఒక ఇల్లు ఖాళీగా ఉంది. తొమ్మిదో అంతస్తు ఇల్లు వెనక్కిచ్చి అది తీసుకోవచ్చు. కాగితం తయారు చేయించుకుని ఫ్లైఓవర్ కిందికి స్వయంగా వెళ్ళాను, ఉద్యోగంలో అంత సంతోషంగా నేనెప్పుడూ ఒక గుమ్మానికి వెళ్ళి ఉండను.

నర్సింహులు కాగితం చేతిలోకి తీసుకోలేదు.

"ముందు మాది ఇచ్చేయాలె. తర్వాత వాళ్ళు ఇస్తరు. అంతేనా?" అని అడిగాడు.

అంతే, మధ్యలో కొన్నాళ్ళు పడుతుందన్నాను.

"ఆ కొన్నాళ్ళు మాదేది?"

నేను ఆర్డరు నంబరు చూపించాను, సాబ్ సంతకం చూపించాను. అంజమ్మ అవేవీ చూడలేదు. నన్నే చూసింది.

"నీ ఇల్లయితే పెడ్తవా అమ్మా సంతకం?"

పెడతానని చెప్పడానికి నోరు తెరిచాను. మా ఆఫీసులో ఫైళ్ళు ఎలా నడుస్తాయో, మధ్యలో సాబ్ బదిలీ అయితే ఏమవుతుందో, ఆ కింది ఇంటి మీద ఇంకెవరి కన్ను ఉందో నాకు తెలుసు. పెట్టనన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ తర్వాతే ఆమె నాకు కూర్చోవడానికి పీట వేసింది.

కొన్ని వారాల తర్వాత దినేశ్ ఫోన్ చేశాడు. తనూ, ఇంకో ముగ్గురూ కలిసి నర్సింహులును కుర్చీలో కూర్చోబెట్టి తొమ్మిదో అంతస్తుకు మోసుకెళ్ళారట. లిఫ్టు అప్పటికి కొన్ని రోజులు నడిచి, మళ్ళీ ఆగింది. ఫిర్యాదు పెట్టిందీ నువ్వే, మోసిందీ నువ్వే, ఇదేమిటి భయ్యా అని అడిగాను. అతను అసలు సంగతి చెప్పాడు. అతని ఇల్లు చనిపోయిన తండ్రి పేరున ఉంది. ఇంకా మార్చలేదు. ఎదురుగా తాళం ఉన్నంత కాలం మేం ఆ అంతస్తుకు వస్తూనే ఉంటాం. ఏదో రోజు తన తలుపూ తడతాం. ఆ తాళం పోవాలి, అంతే. ఇల్లు రద్దయి పోయినా సరే, మనుషులు వచ్చి చేరడంతో పోయినా సరే.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. ఫిర్యాదు చదివేటప్పుడు అందులో ఉన్న తప్పుతో పాటు, రాసినవాడికి ఏం భయమో కూడా చూడండి. ఎవరు అబద్ధం చెబుతున్నారో కనుక్కోవడం కష్టం కాదు. ఎవరి అబద్ధం మనవల్ల పుట్టిందో కనుక్కోవడం కష్టం. కంపెనీకి నోటీసు ఇచ్చి, పేదవాడి తలుపు చెప్పకుండా తట్టే పద్ధతి ఇప్పటికీ అలాగే ఉందని ఆ అమ్మాయి చెప్పింది. మార్చగలిగితే మార్చండి. మార్చలేకపోతే, వెళ్ళిన ప్రతిచోటా ముందు లిఫ్టు బటన్ నొక్కండి.

చూసిపోదామని

రిటైరైన తర్వాత ఒకసారి తొమ్మిదో అంతస్తులో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పాలమూరువాళ్ళు కదా అని జొన్నపిండి తీసుకెళ్ళాను. తలుపు తడితే గొలుసు తియ్యకుండా సందులోంచి అంజమ్మ ఎవరని అడిగింది. పేరు చెప్పాను.

"ఆఫీసు పనా?"

రిటైరయ్యానమ్మా, ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను.

"అందరూ చూసిపోదామనే వస్తరు," అంటూ గొలుసు తీసింది.

నర్సింహులు బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు. బాగా తెల్లబడ్డాడు, గెడ్డం నున్నగా గీసి ఉంది. ఎదురుగా లేస్తున్న కొత్త టవర్లను చూపించి, దేని పని బాగా జరుగుతోందో, ఏది ఆగిపోతుందో చెప్పాడు. గాలి చాలా బాగుందన్నాడు. ఎక్కిన రోజు నుంచి ఆయన ఒక్కసారీ కిందికి దిగలేదు.

ఆ రోజు లిఫ్టు నడుస్తోంది. నేను అందులోనే వచ్చాను. కిందికి వెళ్ళి కాసేపు ఎండలో కూర్చుందామా, నేను తోడుంటానన్నాను. ఆయనకు ఆశ పుట్టింది. కుర్చీ చేతుల మీద చేతులు బిగించాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

"మేం దిగినంక బంద్ చేస్తే?" అన్నాడు.

చెయ్యరని నేను అనలేదు. అంజమ్మ రొట్టెలు చేసింది, తిన్నాం. వచ్చేటప్పుడు లిఫ్టు తలుపు తెరిచే ఉంది, లోపల దీపం వెలుగుతోంది. కాసేపు దాని ముందు నిలబడి, మెట్ల వైపు నడిచాను.